దీవుల చుట్టూ బతికే చిన్న క్రస్టేషియన్లు: సేకరణ నుంచి విస్తరణ పటం దాకా, లక్షద్వీప్ ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

గట్టి పెంకు, కీళ్ళకాళ్ళు ఉన్న క్రస్టేషియన్లలో రొయ్యలు, పీతలు మనకు బజారులోనూ కూరలోనూ తెలిసిన జీవులే. వాటి చుట్టాలైన ఆంఫిపాడ్లు, ఐసోపాడ్లు, టనైడ్లు, కోపిపాడ్లు, ఆస్ట్రకాడ్లు మాత్రం చాలామంది కంట పడవు. వీటిలో ఎక్కువ భాగం అర మిల్లీమీటరు మొదలుకొని సెంటీమీటరున్నర వరకే పెరుగుతాయి. నాచు మొదళ్ళలో, ఇసుక రేణువుల సందుల్లో, స్పంజికల గదుల్లో కాపురం ఉంటాయి. మహాసముద్రం నడుమ ఉన్న ఒక దీవి చుట్టూ వీటిని సేకరించి, పేరు పెట్టి, ఏ జాతి ఎక్కడుందో పటంపై చూపడం ఎలాగో ఈ మార్గదర్శిలో మెట్టు మెట్టుగా వివరిస్తున్నాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవారినీ, పరిశోధనలో కొత్తగా అడుగు పెట్టినవారినీ దృష్టిలో పెట్టుకొని రాశాను.

పటంపై పెట్టే ప్రతి చుక్కా ఒక పేరును నమ్ముకొని ఉంటుంది. పేరు తప్పయితే ఆ చుక్క తప్పు, దాని మీద కట్టిన సిద్ధాంతమూ తప్పు. అందుకే వలలు, జల్లెడల కన్నా గుర్తింపుకూ పేరు పరిశీలనకూ ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను.

మొదటి మెట్టు: దీవి పుట్టుకను తేల్చుకోవడం

ఖండపు అంచు నుంచి తెగిపోయిన దీవికి మొదట్లోనే కొంత జీవజాలం వారసత్వంగా వస్తుంది. సముద్రగర్భం నుంచి అగ్నిపర్వతంగా లేచిన దీవికి అలాంటి వారసత్వం లేదు. దాని చుట్టూ ఉన్న ప్రతి తీరప్రాణీ ఎప్పుడో ఒకప్పుడు వేరే చోటి నుంచి నీటిని దాటి వచ్చినదో, అలా వచ్చినదాని సంతానమో అయి ఉండాలి. కచ్చితమైన అర్థంలో మహాసముద్ర దీవులంటే ఈ రెండో రకానివే. ఈ లెక్కన అండమాన్ దీవులు వీటిలోకి రావు. భూఫలకాలు ఢీకొన్న చోట పైకి లేచిన పర్వతశ్రేణికి అవి శిఖరాలు. లక్షద్వీప్ అలా కాదు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ లావాను వెళ్ళగక్కిన వేడిబిందువు (భూగర్భం నుంచి శిలాద్రవం ఉబికే చోటు) మీదుగా భూఫలకం ఉత్తరానికి జరుగుతూ పోగా ఏర్పడిన శిఖరాల వరుస మీద, పగడాలు పొరలు పొరలుగా పేరుకొని లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ తయారయ్యాయి. అదే వేడిబిందువు తరువాతి కాలంలో మారిషస్‌నూ, చివరకు రీయూనియన్‌నూ పైకి తెచ్చింది. ఆదిలాబాద్, వికారాబాద్ ప్రాంతాల నల్లరాయికీ, లక్షద్వీప్‌లోని కవరత్తి పగడపు సున్నపురాయి కింద ఉన్న అగ్నిశిలకూ పుట్టుక ఒకటేనని తెలిస్తే ఈ పని మీద ఆసక్తి మరింత పెరుగుతుంది.

దీవి భూవైశాల్యాన్ని కొలమానంగా తీసుకోవద్దు. లక్షద్వీప్ మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లే కాగా లాగూన్ల (పగడపు గట్టు లోపల లోతు తక్కువగా ఉండే సముద్రపు మడుగుల) వైశాల్యం దాదాపు 4,200 చదరపు కిలోమీటర్లు. నేల పరంగా అన్నిటికన్నా పెద్దదైన ఆండ్రోత్‌కు చెప్పుకోదగ్గ లాగూన్ లేదు. నేల పక్షులకూ మొక్కలకూ లెక్క. మన జీవులకు లెక్కకొచ్చేవి లాగూన్ అడుగు, పగడపు చదును, సముద్రగడ్డి మైదానం, బయటి అంచు మాత్రమే. కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఉపగ్రహ చిత్రం ముందు పెట్టుకొని, ప్రతి దీవి దగ్గరా ఈ ఆవాసాలు ఏవేవి ఉన్నాయో ఒక పట్టిక రాసుకోవాలి.

రెండో మెట్టు: అనుమతులు, కాలం, సరంజామా

లక్షద్వీప్‌లో అడుగు పెట్టడానికే ప్రవేశానుమతి కావాలి. నమూనాల సేకరణకు వేరే అనుమతి ఉండాలి. గట్టి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలో ఉన్నాయి కనుక బతికిన పగడాన్ని విరగ్గొట్టడం మాట అటుంచి, ఒడ్డున పడి ఉన్న చచ్చిన ముక్కను సంచిలో వేసుకోవడం కూడా అనుమతి లేకుండా చేయకూడదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్ల సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పని సాఫీగా సాగుతుంది.

500 మైక్రాన్ల జల్లెడ ఒకటి, 63 మైక్రాన్లది ఒకటి, మూతలు బిగుతుగా పట్టే సీసాలు, జిప్ సంచులు, బకెట్లు, 95 శాతం ఇథనాల్, సున్నితమైన ఫోర్సెప్స్, పెన్సిలు, మందపాటి ట్రేసింగ్ కాగితం ఉంటే చాలు. పెన్సిలనే ఎందుకు అంటున్నానంటే, తొలి రోజుల్లో నేను బాల్‌పెన్నుతో రాసిన చీటీలు ఇథనాల్‌లో వారం తిరగక ముందే తెల్లకాగితాలయ్యాయి. సీసాల్లో జంతువులు చక్కగా మిగిలాయి గానీ ఏది ఏ దీవిదో చెప్పేదేదీ మిగల్లేదు. పదకొండు సీసాలు అలా పనికిరాకుండా పోయాయి.

మూడో మెట్టు: సేకరణ

నాచు మీది ప్రాణుల కోసం ఆటు సమయంలో వెళ్ళాలి. నాచు గుబురును నీటిలోనే ముందు సంచితో కప్పి, తరువాత మొదలు దగ్గర కోసి, సంచి మూతి బిగించాలి. ముందు కోసి తరువాత సంచిలో వేస్తే చురుకైన ఆంఫిపాడ్లన్నీ దూకిపోయి, గూళ్ళలో ఉండేవీ మందకొడిగా కదిలేవీ మాత్రమే మిగులుతాయి. అప్పుడు మీ జాబితాలో కనిపించేది మీరు కోసిన తీరే. ఒడ్డుకు వచ్చాక గుబురును మంచినీటి బకెట్లో కొద్ది నిమిషాలు ఉంచి గట్టిగా కడిగితే, ఉప్పు తగ్గిన నీటికి తాళలేక ప్రాణులు పట్టు వదులుతాయి. ఆ నీటిని జల్లెడ పట్టాలి.

ఇసుక సందుల్లోని హార్పాక్టికాయిడ్ కోపిపాడ్ల కోసం గొట్టంతో ఇసుక తీసి, సముద్రపు నీటి గాఢతకు సరిపడే మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో పది నిమిషాలు నాననివ్వాలి. వాటికి మత్తు ఎక్కి రేణువులను వదిలేస్తాయి. అప్పుడు పాత్రను గుండ్రంగా తిప్పి, ఇసుక అడుగుకు దిగిన మరుక్షణమే పైనీటిని 63 మైక్రాన్ల జల్లెడలో పోయాలి. ఇలా నాలుగైదు సార్లు చేయాలి. బియ్యంలో రాళ్ళు గాలించిన చేతికి ఈ ఒడుపు వెంటనే పట్టుబడుతుంది.

స్పంజికల్లో లూకోతో వంటి ఆంఫిపాడ్లు ఉంటాయి. రాత్రిపూట దీపపు ఉచ్చు పెడితే రొయ్యలను పోలిన మైసిడ్లు, ఇసుకలో దాగే క్యూమేషియన్లు వస్తాయి. పగడపు సందుల్లో ఉండేవాటి కోసం పగడాన్ని ముట్టుకోకుండా, ప్లాస్టిక్ పలకలను దొంతరగా బిగించి కొన్ని నెలలు అడుగున ఉంచి తీయడం మేలు.

నమూనా ఒక వంతు ఉంటే ఇథనాల్ కనీసం మూడు వంతులు ఉండాలి. మరుసటి రోజు పాతది పారబోసి కొత్తది పోయాలి. ఫార్మలిన్‌లో ఆకారం బాగా నిలుస్తుంది గానీ డీఎన్ఏ పాడవుతుంది. పైగా బోరాక్స్ కలపని ఫార్మలిన్ ఆమ్లగుణం వల్ల ఆస్ట్రకాడ్ల సున్నపు చిప్పలు కరిగిపోతాయి.

నాలుగో మెట్టు: పళ్ళెంలో తొలి విభజన

కొన్ని ప్రాణులను బతికుండగానే తెల్లటి పళ్ళెంలో కొద్ది నీటిలో వేసి చూడండి. ఆంఫిపాడ్ పక్కలు నొక్కినట్టు సన్నగా ఉంటుంది కనుక నిటారుగా నిలవలేదు. పక్కకు ఒరిగి, కాళ్ళు తన్నుకుంటూ గుండ్రంగా జారుతుంది. ఐసోపాడ్ పైనుంచి కిందికి అణిగి ఉంటుంది కనుక పొట్ట ఆనించి నడుస్తుంది. టనైడ్ సన్నని గొట్టంలా ఉండి, ముందున్న జత పట్టుకాళ్ళను పీత డెక్కల్లా చాస్తుంది. క్యూమేషియన్‌కు ముందుభాగం ఉబ్బి, వెనుక సన్నని తోక, చివర చీలిక ఉంటాయి. ఆస్ట్రకాడ్‌ను చూస్తే నువ్వుగింజంత ఆల్చిప్పకు కాళ్ళు మొలిచినట్టుంటుంది. కోపిపాడ్ చిన్న కన్నీటిబొట్టు ఆకారంలో ఉండి, కుదుపు కుదుపుగా దూకుతుంది.

కోపిపాడ్లలో మూడు ప్రధాన క్రమాలను విడదీయడానికి మొదటి స్పర్శశృంగాలు (తల మీది మొదటి జత మీసాలు) చూడాలి. అవి శరీరమంత పొడవుంటే కాలనాయిడ్, మధ్యస్థంగా ఉంటే సైక్లోపాయిడ్, పది ఖండితాలకు (కీళ్ళ మధ్య ముక్కలకు) లోపే ఉండి పొట్టిగా ఉంటే హార్పాక్టికాయిడ్. అనుమానం వస్తే శరీరం మడత పడే కీలు ఎక్కడుందో చూడండి: కాలనాయిడ్లలో అది ఐదో జత కాళ్ళున్న ఖండితం తరువాత ఉంటుంది, మిగిలిన రెండింటిలో ఆ ఖండితానికి ముందే ఉంటుంది.

ఆంఫిపాడ్లు, ఐసోపాడ్లు, టనైడ్లు, క్యూమేషియన్లు, మైసిడ్లు పెరాకరిడా అనే ఒకే పెద్ద సమూహానికి చెందుతాయి. వీటి ఆడవి పొట్ట కింద పలకలతో ఏర్పడిన సంచిలో గుడ్లు మోస్తాయి. పిల్లలు తల్లి రూపంలోనే బయటికి వస్తాయి, నీటిలో కొట్టుకుపోయే డింభకదశ (లార్వా దశ) వీటికి లేదు. ఈ ఒక్క లక్షణాన్ని గట్టిగా గుర్తుంచుకోండి, చివరి మెట్టులో దీని అవసరం పడుతుంది.

ఐదో మెట్టు: కుటుంబం నుంచి జాతి దాకా

ఒక ఆంఫిపాడ్‌ను తీసుకొని దారంతా నడుద్దాం. పగడపు చదును మీది నాచులో దొరికిన, ఎనిమిది మిల్లీమీటర్ల మగది అనుకోండి. దాన్ని గ్లిజరిన్ చుక్కలో పక్కకు పడుకోబెట్టి ముందు మొత్తం ఆకారం గీయాలి. ఫొటో చాలదా అని అడుగుతారు. గీసేటప్పుడు కన్ను ప్రతి ఖండితం దగ్గరా ఆగి లెక్క పెడుతుంది, ఫొటో తీసేటప్పుడు ఆగదు.

తరువాత తల దగ్గర మొదటి స్పర్శశృంగం చూడండి. దాని మధ్యలో పక్కకు మొలిచిన చిన్న కొమ్మ, అంటే అదనపు కశాభం, ఉందా? ఉంటే ఎన్ని ఖండితాలు? మన ప్రాణికి రెండు మూడు ఉన్నాయి. మొదటి రెండు జతల కాళ్ళయిన గ్నాథోపాడ్లలో రెండోది బాగా పెద్దది; చివరి గోరు మడుచుకొని అరచేతికి ఆనే చోట ఉబ్బులు, పళ్ళు, నూగు కనిపిస్తాయి. తోక చివరి టెల్సన్ లోతుగా చీలి ఉంది. ఇంతవరకు చూసినవి మేరిడే కుటుంబం వైపు చూపుతాయి.

ఇప్పుడు సన్నని సూదులతో దవడను వేరు చేసి, స్లైడ్ మీద గ్లిజరిన్‌లో పెట్టి, పెద్ద సూక్ష్మదర్శినిలో చూడాలి. దవడకు ఉన్న పాల్ప్ (దవడ నుంచి మొలిచిన చిన్న కాలు వంటి భాగం) చివరి ఖండితం కొడవలిలా వంగి, లోపలి అంచున దువ్వెన పళ్ళలా వరుసగా ముళ్ళు ఉంటే అది ఎలాస్మోపస్ ప్రజాతి. ఉష్ణమండలపు పగడపు తీరాల నాచులో తరచుగా దొరికే ప్రజాతి ఇదే. ఒక ఉపాంగాన్ని విడదీయడానికి కొత్తలో గంట పడుతుంది. విసుగు చెంది దవడ చూడకుండా పైరూపంతో సరిపెట్టుకున్నవారి జాబితాలు ఎన్నో చూశాను. వాటిని తిరిగి సరిచూడక తప్పలేదు.

ప్రజాతి తేలాక జాతి కోసం రెండో గ్నాథోపాడ్ అరచేతి పళ్ళ అమరిక, మూడో యూరోపాడ్ (తోక దగ్గరి చివరి జత కాళ్ళు) కొమ్మల పొడవు, టెల్సన్ ముళ్ళ సంఖ్య, వెనుక కాళ్ళ మొదటి పలక అంచు చూడాలి. చాలా ప్రజాతుల్లో పూర్తిగా ఎదిగిన మగదానితోనే జాతి తేలుతుంది. మీ సీసాలో ఆడవి, పిల్లలు మాత్రమే ఉంటే ప్రజాతి పేరు దగ్గరే ఆగిపోండి. ఆగడం తప్పు కాదు. పేరు పక్కన ఎస్‌పి. అని రాస్తే జాతి తేలలేదని, సి.ఎఫ్. అని రాస్తే ఫలానా జాతిలా ఉంది గానీ ఇంకా సరిపోల్చాలని, ఏఎఫ్ఎఫ్. అని రాస్తే దానికి దగ్గరి చుట్టమే గానీ అది కాదని అర్థం. ఈ మూడు గుర్తులను నిజాయితీగా వాడిన జాబితా, అన్నిటికీ పూర్తి పేర్లు పెట్టిన జాబితా కన్నా నమ్మదగినది.

వీలైతే ప్రతి రకం నుంచి రెండు మూడు కాళ్ళు తీసి సీఓఐ అనే జన్యువులో జాతి గుర్తింపుకు బార్‌కోడ్‌గా వాడే 658 క్షారాల ముక్కను చదివించండి. శరీరం మాత్రం భద్రంగా మిగలాలి. ఆకారం, జన్యువు రెండూ ఒకే ప్రాణివి కాకపోతే ఆ జత పనికిరాదు.

ఆరో మెట్టు: పేరుకు పూర్వచరిత్ర వెతకడం

ఆంఫిపాడ్ల పెద్ద వర్గీకరణ ఇటీవల బాగా మారింది. పాత పుస్తకాల్లో గమ్మారిడియా అనే ఒకే ఉపక్రమంలో ఉన్నవాటిని లౌరీ, మయర్స్ 2013లోనూ 2017లోనూ విడదీశారు. వారి 2017 పద్ధతిలో ఆంఫిపాడ్లలో ఆరు ఉపక్రమాలున్నాయి. ఇంగోల్ఫియెల్లిడా విడిగా ఒక క్రమమైంది. కాబట్టి పాత కీ (లక్షణాలను ఒక్కొక్కటిగా ఎంచుకుంటూ పేరు తేల్చే పట్టిక) వాడి గుర్తించినా, పేరును ప్రపంచ సముద్రజాతుల రిజిస్టరైన వర్మ్స్‌లో చూసి నేటి స్థానాన్ని రాసుకోవాలి.

లక్షద్వీప్, మాల్దీవుల ఆంఫిపాడ్ల గురించి పాత ఆధారం స్టాన్లీ గార్డినర్ 1899–1900లో చేసిన యాత్ర. ఆ నమూనాలపై వాకర్ 1905లో రాశాడు. సేమూర్ స్యూవెల్ నాయకత్వంలో మబాహిస్ అనే ఈజిప్టు ఓడపై 1933–34లో సాగిన జాన్ మర్రే యాత్ర మరొకటి. ఇసుక సందుల జీవుల విషయంలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి గట్టి వారసత్వమే ఉంది: పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు 1962లో వాల్తేరు ఇసుక తీరాలపై పరిశోధన ప్రచురించారు. చంద్రశేఖరరావు తరువాత వెల్స్‌తో కలిసి అండమాన్ నికోబార్ హార్పాక్టికాయిడ్లపై 1987లో వెలువరించిన పెద్ద గ్రంథం నేటికీ బల్లమీద ఉండవలసినదే.

పాత జాబితాల్లో ‘ప్రపంచమంతటా ఉన్నది’ అనే మాట కనిపిస్తే మాత్రం ఆగి ఆలోచించండి. జాసా ఫాల్కాటా అనే ఆంఫిపాడ్ పేరుతో పలు సముద్రాల నుంచి నమోదైనవన్నీ ఒక్క జాతి కాదని కాన్లాన్ 1990లో ఆ ప్రజాతిని సవరించినప్పుడు తేలింది. ఎలాస్మోపస్ రాపాక్స్ పేరు కింద కూడా ఒకదానికొకటి పోలికగల పలు జాతులు దాగి ఉన్నాయి. ఐరోపా చిత్రాలతో రాసిన కీని వెంట తెచ్చుకొని హిందూ మహాసముద్రంలో గుర్తించడం మొదలుపెట్టిన కాలంలో ఇలాంటి పొరపాట్లు చాలా జరిగాయి.

దీనికి ఎదురు కథ కాప్రెల్లా స్కౌరాది. అస్థిపంజరంలా సన్నగా ఉండే ఈ ఆంఫిపాడ్‌ను టెంపుల్టన్ 1836లో మారిషస్ నుంచి వర్ణించాడు. అదే జాతి 1994లో వెనిస్ లాగూన్‌లో దొరికింది. తరువాత మధ్యధరాలోని పలు రేవుల్లోనూ, కానరీ దీవుల్లోనూ కనిపించింది. దీనికి డింభకదశ లేదు. పడవల అడుగున పెరిగే, నాచులా కనిపించే బ్రయోజోవన్ అనే గుంపుజీవుల గుబుర్లను పట్టుకొని మనతోనే ప్రయాణించింది. అంటే చాలా చోట్ల కనిపించే పేరు ఒక్కోసారి పొరపాటు, ఒక్కోసారి నిజం. ఏది ఏదో సీసాలోని నమూనాయే చెప్పాలి.

ఏడో మెట్టు: పటం గీయడం

అక్షాంశ రేఖాంశాలను దశాంశాల్లో రాయండి. రెండు దశాంశ స్థానాలు ఇస్తే మీ చుక్క దాదాపు కిలోమీటరు వరకు అటూ ఇటూ కావచ్చు. అగత్తి దీవి వెడల్పే కిలోమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది కనుక, ఆ చుక్క పడమటి లాగూన్‌దో తూర్పున అలలు విరిగే అంచుదో చెప్పలేం. నాలుగు స్థానాలు ఇస్తే పది పదకొండు మీటర్ల లోపు తేడా ఉంటుంది. లోతు, ఆవాసం, ఏ నాచు, తేదీ, పద్ధతి, జల్లెడ రంధ్రం, గుర్తించినవారు అనే గడులు తప్పనిసరి.

మూడు రకాల గుర్తులు వాడండి: మీరు స్వయంగా చూసిన నమూనా, మ్యూజియంలో ఉండి తిరిగి చూడదగిన పాత నమూనా, కాగితంపై పేరు మాత్రమే మిగిలిన నమోదు. ఓబిస్, జీబిఫ్ వంటి సమాచార నిధుల నుంచి దించుకున్న చుక్కల్లో నేల మీద పడినవి, సున్నా అక్షాంశం సున్నా రేఖాంశం దగ్గర పడినవి ముందుగా తీసేయాలి. వెతికినా దొరకని చోటుకు ఖాళీ వృత్తం పెట్టండి. వెతకని చోట ఏమీ పెట్టవద్దు. ఈ తేడా చూపని పటంలో జీవుల విస్తరణకు బదులు పరిశోధకుల విస్తరణ కనిపిస్తుంది. పరిశోధనా కేంద్రాలున్న దీవులు ఎప్పుడూ జాతులు ఎక్కువున్నట్టు కనిపించడానికి కారణం ఇదే.

ఎనిమిదో మెట్టు: దీవులను పోల్చడం, ఎలా చేరాయో ఆలోచించడం

రెండు దీవులను పోల్చడానికి సోరెన్సెన్ సూచిక సులువైనది. ఒకచోట 24 జాతులు, మరొకచోట 30, రెండింటిలోనూ ఉన్నవి 18 అనుకుందాం. 18ని రెట్టింపు చేస్తే 36. దాన్ని మొత్తం 54తో భాగిస్తే 0.67 వస్తుంది. ఒకే పద్ధతిలో, ఒకే తరహా ఆవాసం నుంచి, దాదాపు అంతే సంఖ్యలో నమూనాలు తీసినప్పుడే ఈ అంకెకు విలువ. ఒకచోట నాచు, మరొకచోట ఇసుక తీసి పోలిస్తే ఆవాసాల తేడాయే దీవుల తేడాగా కనిపిస్తుంది.

డింభకాలు లేని ప్రాణులు దూరదీవులకు చేరలేవని పైకి అనిపిస్తుంది. ఈశాన్య అట్లాంటిక్‌లోని రాకాల్ అనే ఒంటరి శిలపై జరిగిన పరిశీలన దీన్ని తలకిందులు చేసింది. అక్కడ డింభకాలను నీటిలోకి వదిలే తీరపు నత్త లేదు. పిల్లలను తనలోనే మోసే దాని దగ్గరి చుట్టం ఉంది. యోహాన్సన్ 1988లో ఈ వైచిత్రికి వివరణ ఇచ్చింది. నీటిలో వదిలిన డింభకాలు చెల్లాచెదురై, చేరిన ఒకటీ అరకూ జత దొరకదు. పిల్లలను మోసే ఒక్క ఆడది తేలే నాచు మీద వచ్చి చేరితే చాలు, దాని సంతానం అక్కడక్కడే పెరిగి గుంపవుతుంది. గుడ్ల సంచి ఉన్న ఆంఫిపాడ్లకూ ఐసోపాడ్లకూ ఇదే వర్తిస్తుంది. అందుకే నాచు మీద బతికే జాతులనూ, ఇసుకలో పూడుకొని ఉండే జాతులనూ పట్టికలో వేరు వేరుగా ఉంచి పోల్చండి; తేలే నాచుతో ప్రయాణించే వీలు మొదటివాటికే ఎక్కువ.

ప్రవాహాలనూ పటంపై వేయాలి. ఉత్తర హిందూ మహాసముద్రంలో ప్రవాహాలు రుతుపవనాలతో పాటు దిశ మార్చుకుంటాయి: వేసవి రుతుపవన కాలంలో తూర్పుకు, శీతాకాలంలో పడమటికి. గోదావరి, కృష్ణలతో సహా బంగాళాఖాతపు నదుల వల్ల ఉప్పు తగ్గిన నీరు శీతాకాలపు తొలి నెలల్లో తూర్పు తీరం వెంట దిగి, శ్రీలంకను చుట్టి, లక్షద్వీప్ సముద్రం దాకా వస్తుంది. కాబట్టి లక్షద్వీప్ దక్షిణ కొసనున్న మినికాయ్‌లో దొరికిన జాతిని మాల్దీవులతోనే కాక కోరమాండల్ తీరపు నమూనాలతోనూ సరిపోల్చాలి. విశాఖ రేవులోని ఆంఫిపాడ్లపై పాత పరిశోధనలు ఇక్కడ అక్కరకొస్తాయి. రేవులోనూ పడవల అడుగునా మాత్రమే దొరికే జాతిని ప్రవాహం తెచ్చిందనుకోవద్దు, ముందు ఓడను అనుమానించండి.

ఒక దీవిలో తప్ప ఎక్కడా దొరకని జాతిని వెంటనే ఎండెమిక్ అనకండి. పక్క అటోల్‌లో (వలయాకారపు పగడపు దీవిలో) అదే నాచును, అదే పద్ధతిలో, అదే రుతువులో వెతికి ఖాళీ వృత్తం పెట్టగలిగినప్పుడే ఆ మాట వాడాలి.

చివరగా నమూనాల సంగతి. జాతికి కనీసం ఒక మగదాన్ని, దొరికితే గుడ్లు మోసే ఆడదాన్ని, విడదీసిన ఉపాంగాల స్లైడ్లతో పాటు ఒకే సంఖ్య కింద భారత జంతు సర్వేక్షణ సంస్థ వంటి గుర్తింపు పొందిన భాండాగారంలో జమ చేయాలి. కొత్త జాతి అయితే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ఇది తప్పనిసరి కూడా. సీసా లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ, రెండింటి మీదా అదే సంఖ్య, రెండూ పెన్సిలుతో రాసినవే.